వేలు పడకున్నా ముఖం పడుతుంది

బీడీలు చుట్టేవాళ్లకు కూలి వెయ్యికి ఇంత అని లెక్క. తునికాకు తడిపి, కత్తెరతో కొలతకు కోసి, చేట ఒళ్లో పెట్టుకుని, ఆకులో తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మొన మడవాలి. ప్రతి బీడీకీ బొటనవేలు, చూపుడువేలు ఆకుకు ఒరుసుకోవాల్సిందే. చిన్నతనంలో చేట పట్టిన పిల్లకు అరవై దాటేసరికి ఆ రెండు వేళ్ల కొసలు నున్నబడిపోతాయి. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్, కామారెడ్డి వైపు ఏ వాడకట్టులోకి వెళ్లినా ఇలాంటి చేతులు కనిపిస్తాయి.

ఆ చేతులనే మిషన్ మీద పెట్టమన్నారు. 2014 నవంబరులో తెలంగాణలో ఆసరా పింఛన్లు మొదలయ్యాయి. పల్లెల్లో ఆ డబ్బు పోస్టాఫీసులో వేలిముద్ర వేస్తేనే చేతికొచ్చేది. 2019 నుంచి నెలకు 2,016 రూపాయలైన ఆ పింఛను ముసలివాళ్లకు మందులు, బియ్యం, మనవడి చేతిలో పెట్టే పది రూపాయలు. దాని కోసం పొద్దున్నే వెళ్లి వరుసలో కూర్చున్న అవ్వకు కౌంటరు దగ్గర వినిపించే మాట ఒకటే: ‘వేలు పడ్తలేదు’. తల నూనె రాసి చూసేవాళ్లు, తడి గుడ్డతో తుడిచి చూసేవాళ్లు, పది వేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసేవాళ్లు. చివరికి రేపు రమ్మనేవాళ్లు.

ఆ వేలు ఎందుకు పడదో శాస్త్రం తేటగా చెబుతుంది. వయసు మీదపడ్డకొద్దీ చర్మంలో తేమ, సాగే గుణం తగ్గుతాయి, ముద్రలోని గీతల ఎత్తు తగ్గుతుంది. దానికి తునికాకు, చెరుకు గడ, పసుపు కొమ్ము, పార కర్ర తోడైతే సెన్సరుకు చదువుకోవడానికి ఏమీ మిగలదు. అంటే ఎవరు ఎక్కువ కష్టపడి బతికారో వాళ్లనే ఆ యంత్రం గుర్తుపట్టలేకపోయింది. పెద్దవాళ్లకు టెక్నాలజీ ఒంటబట్టదని తేలిగ్గా అనేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. ఇక్కడ లోపం యంత్రానిది, మనిషిది కాదు.

ఇప్పుడు ఆ తప్పు దిద్దుకునే దారి ఒకటి దొరికింది. పింఛనుదారు బతికే ఉన్నట్టు ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌ను డిజిటల్‌గా ఇచ్చే ‘జీవన్ ప్రమాణ్’ 2014 నవంబరు 10న మొదలైంది. తొలి ఏళ్లలో దానికీ వేలిముద్రో, కంటిపాప ముద్రో కావాల్సి వచ్చేది. 2021 నవంబరులో ముఖం చూపిస్తే చాలన్న సౌకర్యం వచ్చింది. మామూలు స్మార్ట్‌ఫోన్‌లో రెండు యాప్‌లు వేసుకుని, ముఖం చట్రంలో పెట్టి, కళ్లు ఒకసారి ఆర్పితే పని అయిపోతుంది. కళ్లు ఆర్పమనేది ఎందుకంటే, ఫొటోను అడ్డం పెట్టి మోసం చేయకుండా, ఎదురుగా ఉన్నది ప్రాణమున్న మనిషేనని రూఢి చేసుకోవడానికి. మన రాష్ట్రంలో పోస్టాఫీసులో ఇచ్చే చేయూత (పాత ఆసరా) పింఛన్లకూ 2025లో ముఖ గుర్తింపు వచ్చింది. వేళ్లు అరిగిన అవ్వకు ఇది కేవలం సౌకర్యం కాదు. రేపు రమ్మనే మాట వినక్కర్లేదంటే ఆమెకు పోయిన మర్యాద తిరిగొచ్చినట్టే.

అసలు ఈ ప్రాంతపు పెద్దవాళ్లకు యంత్రమంటే భయమనుకోవడమే అన్యాయం. మంజీర మీద అచ్చంపేట దగ్గర 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ ఆనకట్ట ఆ రోజుల్లో దేశం తిరిగి చూసిన ఇంజినీరింగ్ పని. దాని వెనక ఉన్న ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు ఇక్కడి రైతులు ఇప్పటికీ తలుస్తారు. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని తలపెట్టిన ప్రాజెక్టు అది. ఆ కాలువ నీటితో చెరుకు పెరిగింది. ఆ చెరుకు కోసం 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసి, ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరు తెచ్చుకుంది. అక్కడ మూడు తరాలు బాయిలర్లు కాశాయి, క్రషర్లు నడిపాయి, టర్బైన్లు విప్పి బిగించాయి. పాకం ఉడికే ‘పాన్’ మీద పనిచేసే కార్మికుడు అందులోంచి చుక్క తీసి, గాజు పలక మీద వేసి, వెలుతురుకు పట్టి, చక్కెర పలుకు కట్టిందో లేదో కంటితోనే చెప్పేవాడు. అలాంటి చూపున్న మనిషికి ఫోన్‌లో ఏ బొమ్మ నొక్కితే ఏం తెరుచుకుంటుందో నేర్చుకోవడం ఏం కష్టం? 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. కానీ అక్కడ రిటైరైనవాళ్లు పీఎఫ్ పింఛను కోసం ఏటా తాము బతికున్నామని రుజువు చూపుతూనే ఉండాలి. 2014 సెప్టెంబరు నుంచి కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి కోసం ఆటోకు, బస్సుకు, జిరాక్సుకు వందలు పెట్టి తిరగడం ఎంత నష్టమో లెక్క వేసుకోవచ్చు. ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్‌లో ముఖం చూపించడం వాళ్లకు నిజమైన ఆదా.

ఇక్కడి పెద్దవాళ్లకు ఫోన్ ముందుగా నేర్పింది మాత్రం సర్కారు కాదు, గల్ఫ్. ఈ జిల్లాల నుంచి దుబాయి, మస్కట్, రియాద్, దోహాలకు పిల్లలు వెళ్లడం ఎన్నో దశాబ్దాల నుంచి ఉంది. మొదట్లో ఉత్తరాలు. ఊరికి వచ్చే తోటివాళ్ల చేతికి మాట రికార్డు చేసిన క్యాసెట్లు ఇచ్చి పంపిన రోజులూ ఉన్నాయి. తర్వాత ఐఎస్‌డీ బూత్‌లు, అక్కడ మీటరు తిరుగుతుంటే గుండె దడ. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైన తర్వాత కథ మారింది. యూఏఈలో వాట్సాప్ కాల్ నడవదు కాబట్టి మన ఊళ్లలో ముసలివాళ్లు కూడా ‘ఇమో’ యాప్ పేరు పట్టేశారు. అక్షరాలు రాకపోయినా రంగును బట్టి, బొమ్మను బట్టి గుర్తుపడతారు: ఆకుపచ్చది వాట్సాప్, ఎర్రది యూట్యూబ్. కొడుకు నంబరు పక్కన కొడుకు ఫొటో పెట్టించుకుంటారు, ఆ ముఖాన్ని నొక్కితే ఆ ముఖమే మాట్లాడుతుంది. చదువు రాని తల్లి చేతిలో ఇంతకంటే మంచి ఫోన్‌బుక్ ఏదీ లేదు. 2013లో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చాక, పని మీదున్న కొడుక్కి మాట చెప్పి వదిలేసి, అతను డ్యూటీ దిగాక విని జవాబిచ్చే పద్ధతి కూడా తేలిగ్గా అలవాటైంది. ‘బిడ్డా, తిన్నవా’ అన్న మాట కోసం ఇప్పుడు ఎవరినీ బతిమాలనక్కర్లేదు.

నా ఉద్దేశంలో అసలు మలుపు స్క్రీన్‌తో రాలేదు, గొంతుతో వచ్చింది. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ సెర్చ్‌లో ఒకేసారి చేరిన ఎనిమిది భారతీయ భాషల్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ కూడా ఉన్నాయి. బోధన్ బజారులో వినిపించే మూడు భాషలూ అవే. టైపు చేయడం రాని మనిషి మైకు బొమ్మ నొక్కి ‘ఒగ్గు కథ’ అంటే ఒగ్గు కథ వస్తుంది, ‘పసుపు ధర’ అంటే పసుపు ధర వస్తుంది. తెలుగులో టైపు చేయడం చదువుకున్న కుర్రవాళ్లకే చిక్కు. గొంతు దారి తెరుచుకోవడంతో పెద్దవాళ్లు ఆ మెట్టు ఎక్కకుండానే లోపలికి వచ్చేశారు. ఇక మిగిలింది మన యాస. ‘ఏడున్నది’, ‘గిట్ల’, ‘జర’ లాంటి మాటలను యంత్రాలు ఇంకా బాగా నేర్చుకోవాలి. ఆ పని తెలుగు తెలిసిన ఇంజినీర్లు పట్టుబట్టి చేయాల్సింది.

చూసేవాళ్లుగానే కాదు, చూపించేవాళ్లుగా కూడా పెద్దవాళ్లు ముందుకొచ్చారు. పక్కనే జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానల్‌తో మిల్కూరి గంగవ్వ తెలుగు నేలంతటికీ తెలిసింది. ఆమె కూడా బీడీలు చుట్టి, పొలం పనులు చేసి బతికిన మనిషే. యాభై దాటాక కెమెరా ముందుకొచ్చి, తన యాసను మార్చుకోకుండా, తన మాటతోనే లక్షల మందిని నవ్వించింది. 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లింది. ఆంధ్రలో తెనాలి వైపు మస్తానమ్మ వందేళ్లు దాటిన వయసులో కట్టెల పొయ్యి మీద వంట చేస్తుంటే, ఆమె చేయి తిరగడాన్ని ప్రపంచమంతా యూట్యూబ్‌లో చూసింది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసినప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో బాధపడ్డారు. వీళ్లు కెమెరాకు తగ్గట్టు మారలేదు. కెమెరానే వాళ్ల వాకిట్లోకి వచ్చింది.

నిజామాబాద్ మార్కెట్ యార్డు సంగతి వేరు. 2016 ఏప్రిల్ 14న దేశంలో మార్కెట్ యార్డులను ఆన్‌లైన్‌లో కలిపే ‘ఈ-నామ్’ మొదలైనప్పుడు తొలి విడతలో తీసుకున్న 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి, సరుకు పసుపు. యార్డుకు వచ్చిన పసుపుకు లాట్ నంబరు పడుతుంది. వ్యాపారులు ఒకరి ధర ఒకరికి తెలియకుండా ఆన్‌లైన్‌లో వేస్తారు. గడువు ముగిశాక ఎక్కువ ధర ఎంతో రైతు ఫోన్‌కు సందేశం వస్తుంది. ఆ ధర నచ్చకపోతే రైతు ఒప్పుకోనక్కర్లేదు. నలభై ఏళ్లుగా అడ్తిదారు నోటితో చెప్పిన ధరే విన్న పెద్ద రైతుకు, ధర తన జేబులో మోగడం చిన్న సంగతి కాదు. అయితే ఆ సందేశం చదివి చెప్పేది ఎవరు అన్నదే ప్రశ్న. చదివి చెప్పేది మళ్లీ అడ్తి దుకాణంలో గుమాస్తానే అయితే, పాత తాడే కొత్త ముడి. ఆ ధర తెలుగులో, గొంతుతో, రైతుకు నేరుగా వినిపించాలి. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం 2025 జూన్‌లో ఇదే ఊళ్లో మొదలైంది. ఆ బోర్డు ముందు చేయదగ్గ పనుల్లో ఇలా ధర వినిపించడం ఒకటని గట్టిగా అనిపిస్తుంది.

చెప్పదలుచుకున్న సంగతి అక్కడే ఉంది. పెద్దవాళ్లకు కావాల్సింది ఫోన్ మాత్రమే కాదు, తమ డబ్బు, తమ ధర, తమ కాగితం మధ్యవర్తి లేకుండా తమ చేతికి రావడం. ఆ మధ్యవర్తి దళారి అయినా కావచ్చు, ప్రేమగా చూసుకునే మనవడైనా కావచ్చు. ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే: తాత ఏదో అడుగుతాడు, మనవడు ‘ఇటియ్యి, నేను చేస్త’ అని ఫోన్ లాక్కుని నాలుగు నొక్కులు నొక్కి తిరిగి ఇచ్చేస్తాడు. పని అయింది, తాతకు మాత్రం ఏమీ రాలేదు. మళ్లీ అడగడానికి మొహమాటపడతాడు. అడగలేక పిన్ నంబరు మనవడికి చెప్పేస్తాడు. అక్కడితో ఖాతా తాతది, తాళం ఇంకొకరిది. ఫోన్ పెద్దవాళ్ల చేతిలోనే ఉంచి, వాళ్ల వేలితోనే నొక్కించి, పదిసార్లు తప్పు పోయినా విసుక్కోకుండా పక్కన కూర్చోవడమే నేర్పడమంటే.

మోసం భయం నిజమైనదే, దాన్ని చిన్నది చేయకూడదు. పింఛను పడే రోజులు, పంట డబ్బులు పడే రోజులు మోసగాళ్లకూ తెలుసు. పెద్దవాళ్లకు నాలుగు పేజీల జాగ్రత్తలు చెప్పక్కర్లేదు, ఒక్క సంగతి గట్టిగా నాటుకుంటే చాలా గండాలు గడుస్తాయి: యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, పోవడానికే కొట్టాలి. పిన్ అడిగారంటే డబ్బు పోతోందన్నమాట. వీడియో కాల్‌లో అరెస్టు చేసే పోలీసు కూడా ఎక్కడా లేడు. వేలిముద్ర కూడా భద్రమని నమ్మి ఊరుకోలేం. రిజిస్ట్రేషన్ పత్రాల మీది ముద్రలకు నకళ్లు చేసి సిమ్‌లు తీసుకున్న ఉదంతం 2018లో మన రాష్ట్రంలోనే బయటపడింది. ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకునే వీలుంది. అవసరమైన రోజు తీసి, పని కాగానే మళ్లీ వేసుకోవచ్చు. ఇక స్మార్ట్‌ఫోన్ లేక చిన్న ఫోన్ ఉన్నవాళ్ల కోసం 2022 మార్చిలో ‘యూపీఐ 123పే’ వచ్చింది, ఇంటర్నెట్ లేకుండా నంబరుకు ఫోన్ చేసి డబ్బు పంపొచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్లు మన ఊళ్లలో తక్కువ.

నేర్పేవాళ్లు ఎవరంటే, ఇప్పటికే నేర్చుకున్న పెద్దవాళ్లే. డెబ్బై ఏళ్ల మనిషికి అరవై ఐదేళ్ల మనిషి చెప్పినట్టు ఇరవై ఏళ్ల కుర్రవాడు చెప్పలేడు. చూపు ఎక్కడ ఆగుతుందో, వేలు ఎక్కడ వణుకుతుందో తోటి పెద్దమనిషికి తన అనుభవంతోనే తెలుసు. శక్కర్‌నగర్‌లో ఫిట్టర్‌గా రిటైరైన మనిషి తన పాత కాలనీ వాళ్లకు లైఫ్ సర్టిఫికెట్ ఎలా చేసుకోవాలో చూపించగలడు. పీఎఫ్ పింఛనుదారులు నవంబరులోనే తోసుకోనక్కర్లేదు, ఏడాదిలో ఎప్పుడు ఇచ్చినా ఆ రోజు నుంచి ఏడాదిపాటు చెల్లుతుంది. కాబట్టి తొందర లేకుండా ఒక్కొక్కరితో కూర్చోవచ్చు. బీడీలు చుట్టేవాళ్లలో చాలామంది మహిళా సంఘాల్లో ఉన్నారు. నెలనెలా పొదుపు లెక్కలు అయిపోయాక ఒక అరగంట ఫోన్లకు ఇస్తే చాలు, ఎవరి ఫోన్ వాళ్ల చేతిలోనే. మొదటి రోజు అక్షరాల పరిమాణం పెద్దది చేసుకోవడం, పిల్లల ఫొటోలు నంబర్ల పక్కన పెట్టుకోవడం, డబ్బు పోతే వెంటనే ఫోన్ చేయాల్సిన 1930, వృద్ధుల సాయానికి ఉన్న 14567 నంబర్లు దాచుకోవడం. రెండో నెల మైకు బొమ్మ నొక్కి అడగడం. మూడో నెల యూపీఐ.