పేరులేని కలము

వస్తువుపై పేరు లేనంతమాత్రమున దానికి చరిత్ర లేదనరాదు. పల్నాటివారికి ఈ సంగతి వేరుగా బోధింపనక్కరలేదు. 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండ లోయలో సాగిన త్రవ్వకములలో బయల్పడిన కుండపెంకులు కుమ్మరి పేరు చెప్పవు. అయినను మట్టి, ఆకారము, దొరకిన పొర అను మూడు సాక్ష్యములచే పండితులు వాని కాలమును ఊహింపగలరు. నరసరావుపేటలోనో, మాచర్లలోనో పాతసామానుల అంగడిలో దొరకెడి పేరులేని ఫౌంటెన్ పెన్నునకును ఈ న్యాయమే వర్తించును.

పేరు లేదని నిశ్చయించుటకు ముందు దానిని వెదకవలయును. కలమును ఏటవాలు వెలుతురున త్రిప్పుచు భూతద్దముతో చూచినచో, అరిగిపోయిన అక్షరములు నీడలై లేచును. మూత అంచును, క్లిప్పును కూడ పరిశీలింపవలయును. మెరుగు పెట్టుట మాత్రము కూడదు. మిగిలిన కొద్ది ఆనవాలును దానితో పోవును.

తరువాతిది పదార్థము. గంధకము చేర్చి గట్టిపరచిన రబ్బరే ఎబొనైటు. బొటనవ్రేలితో గట్టిగా రుద్దినచో గంధకపు వాసన తెలియును. ఎండకు, తడికి దాని నలుపు తగ్గి గోధుమవన్నెకు తిరుగును. సెల్యులాయిడునకు కర్పూరపు వాసన కలదు. కాల్చిన సూదితో గ్రుచ్చి పరీక్షించుట అవివేకము. సెల్యులాయిడు ఇట్టే అంటుకొనును.

మూడవది సిరా నింపెడి విధము. ఏ కలమును తనలోని సాధనముకంటె ముందు పుట్టియుండదు. ప్రక్కమీటతో నింపు పద్ధతికి అమెరికాలో షీఫర్ 1908లో పేటెంటు పొందెను. కొనను త్రిప్పి సిరా పీల్చెడి పిస్టను కలమును జర్మనీలోని పెలికాన్ సంస్థ 1929లో వెలువరించెను. గొట్టమే సిరాబుడ్డిగా డ్రాపరుతో నింపెడి కలము మాత్రము తన వయస్సు చెప్పదు. ఆ పద్ధతి మిక్కిలి పాతది, మనదేశమున నేటికిని నిలిచినది.

పాళీయు క్లిప్పును అబద్ధమాడు సాక్షులు. పాళీ అరిగినచో మరియొకటి తొడుగుట పరిపాటి. కనుక విదేశపు పాళీ యున్నంతమాత్రమున కలము విదేశీయము కాదు. బాణపు గుర్తు క్లిప్పు పార్కరువారిదే యైనను, దానిని అనుకరించినవారు పెక్కుమంది.

ఇక మన నేల సంగతి. హైదరాబాదున డెక్కన్ పెన్ దుకాణము 1928లో వెలసెను. రాజమహేంద్రవరమున కె.వి. రత్నంగారు 1932లో కలముల తయారీ నారంభించిరి. వారి కలము జె.సి. కుమారప్పగారి ద్వారా గాంధీజీకి చేరగా, ఆయన 1935 జూలైలో కృతజ్ఞత తెలుపుచు లేఖ వ్రాసిరి. అదే నగరమున గైడరు కలములు 1946 నుండి వెలువడినవి. ఇట్టి కలములను ఎబొనైటు కడ్డీని తరిణె పట్టి, మరలు కోసి, చేతితో మెరుగుపెట్టి చేయుదురు. లోపలి తరిణె వలయములు, తన మూతకే చక్కగా కుదిరెడి మరలు చేతిపనికి సూచనలు. అయినను, అంతమాత్రమున నల్లని ఎబొనైటు కలములన్నియు రత్నంగారివే యనుట న్యాయము కాదు. సాక్ష్యము చాలనిచోట “ఆంధ్రదేశపు చేతిపని కావచ్చును” అని నిలుచుటయే పాండిత్యము. పైగా, అట్టి కలముపై గొప్ప పేరు చెక్కించి అమ్మువాడు కొన్నవానినే గాక, దానిని చేసిన అజ్ఞాత శిల్పిని కూడ మోసగించును.

కలముపై తయారీదారు పేరు లేకున్నను ఒక్కొక్కప్పుడు యజమాని పేరు కనబడును. ఉద్యోగ విరమణనాడు శిష్యులు ఇచ్చిన కానుక కావచ్చును. ఒకవైపునకు అరిగిన పాళీ ఆ చేయి ఎటు వ్రాలెడిదో చెప్పును. దానిని సానబెట్టించినచో ఆ చేయి జాడ చెరిగిపోవును. కనుక కొనువారు వెల యడుగుటకు ముందు, ఏ యూరినుండి, ఏ యింటినుండి వచ్చినదో యడిగి, తేదీతో ఒక కాగితమున వ్రాసి కలముతో కూడ నుంచవలయును. కుండపెంకునకు పొర యెట్టిదో, కలమునకు ఆ చీటీ యట్టిది. అంగడివాని జ్ఞాపకము చెదరకముందే ఆ పని జరుగవలయును.