మీకు తెలుసా? గద్వాలలో నీడ మాయమయ్యే రోజులు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ఏటా రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే 5, ఆగస్టు 7 తేదీలకు ఒక రోజు అటూ ఇటూగా. మేలో ఆ రోజు మధ్యాహ్నం 12.15 ప్రాంతంలో రోకలిని నిటారుగా నిలబెడితే పక్కన నీడే పడదు.

మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా నగరాలు చాలావరకు గద్వాల అక్షాంశానికి దగ్గర్లోనివే; అక్కడా సూర్యుడు ఇలాగే నడినెత్తికి వస్తాడు. ఆకాశాన్ని శ్రద్ధగా గమనించిన మాయా ప్రజలు శుక్రుడి రాకపోకలకూ 584 రోజుల లెక్క కట్టారు.

మన దగ్గరా ఆకాశం మీద చూపు పాతదే. గద్వాలకు ఎగువన, కృష్ణ ఒడ్డున, నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్లున్నాయి. ఒక బండపై సప్తర్షి మండలాన్ని పోలిన గుంటలు తొలిచారు. వీటి వయసు మూడు వేల ఏళ్లకు పైమాటే అంటారు పరిశోధకులు. 2025లో ఈ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.