వార్తల్లో పదం: వింటేజ్ వాహనం

దిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లపై ఆంక్షలు పెడితే యజమానులు గగ్గోలు పెట్టారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వారికి ఊరటనిచ్చింది. డిసెంబరులో దాన్ని బీఎస్-4, ఆపై కాలుష్య ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది.

మరి పెద్దపల్లిలో తాతలనాటి అంబాసిడర్ ‘వింటేజ్’ అవుతుందా? 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపు చెదరకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, మరమ్మతు లాంటి పనులకు తప్ప రోడ్డెక్కరాదు. కూరగాయలకు వెళ్లినా తప్పే!

అసలు చిక్కు 1985 మోడల్ వాళ్లది. ఆ బండి వింటేజ్ కాదు, కొత్తదీ కాదు. కార్బ్యురేటర్ ట్యూనింగ్ కాస్త తప్పితే కాలుష్య పరీక్షలో సైలెన్సర్‌లో పెట్టిన గొట్టం కార్బన్ మోనాక్సైడ్‌ను ఇట్టే పట్టేస్తుంది. ఏడాదిలో నాలుగుసార్లు తీసే కారుకీ, రోజూ తిరిగే కారుకీ ఒకే పరీక్షా అన్న ప్రశ్నలో న్యాయముంది.