పడు బంతి చెప్పు సాక్ష్యము



చేతినుండి జారిన రాయి నేలబడుటకు రెప్పపాటు కాలము చాలును. ఆ రెప్పపాటులో నేమి జరిగినదో చెప్పగలవారు అరుదు. రాయి మొదటినుండి తుదివరకు ఒకే వేగముతో పడినదా? పోనుపోను వేగము హెచ్చినదా? హెచ్చినచో ఎంత హెచ్చినది? బరువైన రాయి తేలికరాయికంటె ముందు నేలజేరునా? ఈ ప్రశ్నలకు మన కన్ను ఒంటిగా బదులు చెప్పజాలదు. కంటికి తోడుగా నేడు పాఠశాలలలో ప్రవేశించుచున్న యొక సాధనమును గూర్చి మీకు మనవి చేయదలచితిని.

ఇటలీ దేశస్థుడైన గెలీలియో 1638లో లైడెన్ నగరమున అచ్చయిన తన గ్రంథములో, ఈ ప్రశ్నలకు తాను సమాధానము వెదకిన విధమును వర్ణించెను. నిట్టనిలువుగా పడు వస్తువు మిక్కిలి త్వరితముగా పడును. ఆనాడు క్షణములను కొలువగల గడియారములు లేవు. కావున నాయన పన్నెండు మూరల పలకకు గాడి తీయించి, దానిని వాలుగా నిలిపి, అందు కంచుగుండును దొర్లించెను. గుండు దొర్లుచున్నంతసేపు ఒక తొట్టినుండి సన్నని ధారగా కారిన నీటిని పట్టి తూచి, ఆ తూనికనుబట్టి కాలమును లెక్కించెను. నూరుమార్లు చూచినను ఫలితము మారలేదని వ్రాసెను. ఆయన కనుగొన్న నియమమిది: మొదటి గడువులో వస్తువు ఒక పాలు దూరము పోయినచో, అంతే కాలముగల రెండవ గడువులో మూడు పాళ్లు, మూడవదానిలో అయిదు, నాలుగవదానిలో ఏడు పాళ్లు పోవును.

ఈ నియమమును మన పిల్లలు పుస్తకములో చదివి వల్లించుచుందురు. వల్లించుట వేరు, చూచుట వేరు. చూచుటకు నేడు నీటితొట్టి యక్కరలేదు. సెల్లుఫోనులో వీడియో తీయుదుము గదా. అది నిజమునకు కదలు బొమ్మ కాదు, కదలని బొమ్మల వరుస. సామాన్యముగా ఫోను సెకనుకు ముప్పది బొమ్మలను తీయును. పడుచున్న బంతిని ఇట్లు పట్టి, ఆ వీడియోను కంప్యూటరునకు ఎక్కించి, ఒక్కొక్క బొమ్మను ఆపి, బంతి యున్నచోట చుక్క పెట్టవచ్చును. ఇందులకు ట్రాకర్ అను సాఫ్టువేరు కలదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో కాబ్రిల్లో కళాశాలకు చెందిన డగ్లస్ బ్రౌన్ దీనిని నిర్మించెను. దీనికి వెల లేదు. బొమ్మలో మీటరు బద్ద యొకటి కనబడునట్లు ఉంచి, దాని పొడవింతయని చెప్పినచో, చుక్కల నడిమి దూరములను అదియే లెక్కగట్టి చూపును.

సెకనులో పదవవంతున కొకటిగా, అనగా మూడేసి బొమ్మల కొకటిగా చుక్కలను చూతము. గాలి యడ్డు లేనిచో బంతి దిగిన దూరము వరుసగా 4.9, 19.6, 44.1, 78.4 సెంటీమీటర్లు కావలెను. ఒక్కొక్క గడువులో దిగినది 4.9, 14.7, 24.5, 34.3. ఇవి ఒకటి, మూడు, అయిదు, ఏడు పాళ్లే గదా! గెలీలియో నీటితో తూచిన నియమము పల్లెటూరి బడిలో తెరమీద నిలుచును.

ఇచట నా యనుభవము నొకదానిని దాచక చెప్పెదను. నేను పాఠము చెప్పుచున్న తరగతిలో ఒక బాలుడు ఇట్లు చుక్కలు పెట్టి లెక్కవేయగా, భూమ్యాకర్షణచేత కలుగు త్వరణము సెకనునకు సెకనుకు 9.8 మీటర్లు రావలసినది, దాదాపు 12 వచ్చెను. అతడు బిక్కమొగము వేసి, దానిని తుడిచి 9.8 వ్రాయబోయెను. పాఠము ముగించవలెనను తొందరలో నేనును ఊరకుండబోతిని. అయినను మనసొప్పక, వానిచేత వీడియోను మరల చూపించితిని. మీటరు బద్ద గోడకు ఆనించి యున్నది; బంతిని గోడకు మూరన్నర ఇవతల విడిచిరి; ఫోను గోడకు నాలుగు మీటర్ల దూరమున నున్నది. దూరముననున్న బద్ద చిన్నదిగా కనబడి, దగ్గరనున్న బంతి దిగిన దూరమును పెంచి చూపినది. గొలుసు సరిగా పట్టనిచో పొలము కొలత తప్పును. అది పొలము తప్పు కాదు గదా! బద్దను బంతి పడుచోటనే నిలిపి మరల తీయగా 9.7 వచ్చెను. దానిని 9.8గా దిద్దవద్దంటిని. వచ్చినదానినే వ్రాసి, కొద్ది తేడా యేల వచ్చినదో కూడ వ్రాయుమంటిని.

బరువు, తేలికల ప్రశ్నయు ఇట్లే తేలును. ఒకే కాగితమును పరచి విడిచిన తేలుచు దిగును. ఉండచేసి విడిచిన రాయితో ఇంచుమించు కలిసి పడును. బరువు మారలేదు, గాలి యడ్డు మారినది. శనగల పొట్లమువలె చుట్టిన కాగితమును మొన క్రిందుగా విడిచి చుక్కలు పెట్టినచో, మొదట ఎడమైన చుక్కలు కొంతసేపటికి సమదూరముననే పడును. అంతట వేగము పెరుగుట ఆగినదన్నమాట. ఆకు మెల్లగా రాలునని మన పెద్దలు చూచినది అబద్ధము కాదు. దానికి కారణము మాత్రము గాలి.

సెల్లుఫోను పిల్లవాని చదువును చెరచునని మీలో పెక్కురు భయపడుచున్నారు. ఆ భయము నిష్కారణము కాదు. కావుననే ఒక మాట మనవి చేయుచున్నాను. తరగతికి ఒక్క ఫోను, ఒక్క కంప్యూటరు చాలును. అవి ఉపాధ్యాయుని చేతిలో నుండనిండు. మీరు పాఠశాలకు వెళ్లినప్పుడు పిల్లలను, "9.8 అని నీకెట్లు తెలిసినది?" అని యడుగుడు. "పుస్తకములో నున్నది" యన్నవాడు చదివినవాడు. "నేను కొలిచితిని, మొదట తప్పినది, తప్పెక్కడనో చూచి సరిదిద్దితిని" అన్నవాడు నేర్చినవాడు. తగవులో సాక్షిని మరల పిలిచి ప్రశ్నించు నలవాటు మీకున్నది. ఆ యలవాటే మన పిల్లలకును అబ్బవలెనని నా కోరిక.