నా జీతంలో కోత, ముత్తాత గల్లాలో కోత

జీతం పడిందని మెసేజ్ రాగానే నేను చూసేది టీడీఎస్ ఎంత పోయిందని. ఆ తర్వాత ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. మొన్న కూకట్‌పల్లి రూమ్‌లో కూర్చుని ఫోన్‌లో తాతకి ఈ గోడే వెళ్లబోసుకున్నా. ఆయన నవ్వాడు.

"నీకు పైసల్ల పట్టుకుంటున్నరు. మా నాయిన కాడ లెవీ గల్లా కొలుసుకపోయేటోళ్లు. పైకెల్లి వెట్టి."

మాది నల్లగొండ జిల్లా. నిజాం కాలంలో రాష్ట్రంలో దాదాపు మూడో వంతు జాగీర్ల కింద ఉండేది. అక్కడ శిస్తు వసూలు జాగీర్దార్లదే. మిగతా ఊళ్లలో చాలాచోట్ల దేశ్‌ముఖ్ మాటే చట్టం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ధాన్యం లెవీ పెడితే, పెద్ద భూస్వాములు తప్పించుకున్నారు. భారమంతా చిన్న రైతు గరిసె మీద పడింది. అడగడానికి వాళ్లకి ఓటు ఎక్కడిది?

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ భారత్‌లో కలిసింది. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. 1950 ఏప్రిల్ నుంచి భారత ఆదాయపు పన్ను చట్టం ఇక్కడా అమల్లోకి వచ్చింది (నా టీడీఎస్ పుట్టింది అక్కడే అన్నమాట). 1952 ఎన్నికల్లో నల్లగొండ జనం రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లేశారు. మరి నిజాంకి? ఏడాదికి 50 లక్షల రాజభరణం. దాని మీద పన్ను సున్నా! మాజీ రాజులకి ఈ మినహాయింపు 1971 దాకా సాక్షాత్తూ రాజ్యాంగంలోనే ఉంది.

అసలు చిక్కు భూమి దగ్గరొచ్చింది. 1950 కౌలుదారీ చట్టం దున్నేవాళ్లని రక్షిత కౌలుదారులుగా గుర్తించింది. కానీ ఆ హక్కు చేతికందేలోపే చాలామందిని పొలాల నుంచి దింపేశారు. మా ముత్తాతతో "ఇష్టపడే వదులుకున్నా" అని వేలిముద్ర వేయించుకున్నారట. పట్టా దొర పేరు మీదే ఉండిపోయింది.

2018లో రైతుబంధు వచ్చింది. ఎకరాకి సీజన్‌కి 4,000. ఎన్ని ఎకరాలున్నా సరే, పట్టాదారుకే. మా చిన్నాయన మూడెకరాలు కౌలుకి చేస్తాడు. ఆ పట్టాదారు ఉండేది మా పక్కనే, కేపీహెచ్‌బీలో. డబ్బు ఆయన ఖాతాలో పడింది. వ్యవసాయ ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా లేదు కాబట్టి, చిన్నాయన కట్టే కౌలు మీదా ఆయనకి పన్ను లేదు. రైతు మీద పన్ను వద్దంటే నేనూ ఒప్పుకుంటా. తాత చెప్పింది విన్నాక కాదనలేం. కానీ రైతంటే ఎవరో ఇప్పటికీ పట్టా కాగితమే తేలుస్తోంది.

చిన్నాయన ఈసారి పత్తి పెడుతున్నాడు. కౌలు ముందే కట్టాలిగా, నిన్న ఫోన్ చేశాడు. జీతం పడింది కదా, పంపించా.