వాన రాకడ, ప్రాణం పోకడ – రెంటికీ ఒకే లెక్కా?

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అని మన పెద్దలు రెంటినీ ఒకే తక్కెడలో వేసి తూచారు. ఒక్క మనిషి సంగతో, ఒక్క రోజు సంగతో అయితే ఈ మాటకు తిరుగు లేదు. కాని వేలమంది ప్రాణాలూ, వేల ఎకరాల మీది వానలూ అనేసరికి తక్కెడ ఒక పక్కకు ఒరిగిపోతుంది. ప్రాణం పోకడకు లెక్క కట్టి బీమా కంపెనీలు రెండున్నర శతాబ్దాలుగా నిశ్చింతగా వ్యాపారం చేసుకుంటున్నాయి. వాన రాకడకు అదే లెక్క కట్టబోతే చేతులు కాలుతున్నాయి. ఎందుచేత? ఈ చిక్కుముడి విప్పడానికి పెద్ద పెద్ద గణిత గ్రంథాలు తిరగవేయనక్కరలేదు. ఆదోని పత్తి యార్డునుంచి ఎమ్మిగనూరు మగ్గం దాకా ఒకసారి నడిస్తే చాలు.

కర్నూలు జిల్లా పడమటి కొసన నల్లరేగడి నేలల నడుమ ఉన్న ఆదోనిని వ్యాపారం కళకళలాడుతుండగా చూసినవాళ్లు రెండో బొంబాయి అన్నారు. యార్డులో పత్తి కొనేవాడు కుప్పలోనుంచి చిటికెడు దూది తీసి, రెండు చేతుల నడుమ మెల్లగా లాగి, పింజ పొడుగు చూసి ధర చెబుతాడు. ఆ చిటికెడులోనే వందలకొద్దీ పింజలు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పింజకూ పింజకూ పొంతన ఉండదు. అయినా చిటికెడును చూసి కుప్పకు ధర కట్టగలుగుతున్నాడంటే, పొంతన లేనివాటి గుంపుకు ఒక పోలిక ఉన్నదన్నమాట!

ఆ పత్తి దూదై, దూది నూలై మగ్గానికి చేరుతుంది. నలభయ్యో నంబరు నూలుపోగు నొకదానిని ఎక్కడో ఒకచోట అడ్డంగా కోశారనుకోండి. ఆ కోతలో ఎన్ని పింజలు కనిపిస్తాయి? సుమారు నూరు. కాని వడికే యంత్రం పింజలను లెక్కపెట్టి కూర్చదు గదా! ఏ పింజ ఎక్కడ పడితే అక్కడే. కోసినచోట ఒక్కొక్క పింజ ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. ఈ రెండే మాటలు. ఇటువంటి ‘ఉన్నది – లేదు’ సంగతులను అనేకం పోగుచేసి లెక్కపెట్టే పద్ధతికి ద్విపద విభాజనమని పేరు.

గురువులూ, లఘువులూ

పేరు చూసి భయపడకండి. బడిలో ‘యమాతారాజభానసలగం’ వల్లించినవారందరికీ ఇది తెలిసిన విద్యే. మూడక్షరాల గణాలు ఎనిమిది. అన్నీ గురువులైనది ఒక్కటే, అది మగణం. అన్నీ లఘువులైనదీ ఒక్కటే, నగణం. ఒక్క గురువున్నవి మూడు: భ, జ, స. రెండు గురువులున్నవి మూడు: ర, త, య. అనగా 1, 3, 3, 1. అక్షరాలు నాలుగైతే 1, 4, 6, 4, 1. పదో శతాబ్దంలో హలాయుధుడు పింగళుని ఛందస్సుకు వ్యాఖ్య వ్రాస్తూ వర్ణించిన మేరు ప్రస్తారం ఇదే. గురువు బదులు ‘మొలిచింది’ అనండి, లఘువు బదులు ‘మొలవలేదు’ అనండి. ఛందస్సు కాస్తా సేద్యపు లెక్క అయి కూర్చుంటుంది.

స్విట్జర్లాండు గణితజ్ఞుడు జేకబ్ బెర్నూలీ ఈ లెక్కను సంభావ్యతకు అన్వయించి వ్రాసిన పుస్తకం, ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, 1713లో అచ్చయింది. అక్షరాలు నాలుగు కాక నాలుగు వందలైతే ఏమవుతుంది? మేరువును అంతదాకా పేర్చుకుంటూ పోవడం మనిషి తరం కాదు. లండనులో తలదాచుకున్న ఫ్రెంచివాడు ద మ్వావర్ 1733లో దీనికి అడ్డదారి కనిపెట్టాడు. ఆ అంకెలను పటంగా గీస్తే నడుమ ఉబ్బి, రెండు పక్కలా వాలి, గుడిగంటను బోర్లించినట్లు కనిపిస్తుంది. దానినే సామాన్య విభాజనం అంటున్నారు. నక్షత్రాలను కొలిచేటప్పుడు దొర్లే చిన్నచిన్న పొరపాట్లకు కూడా ఇదే ఆకారమని 1809లో గౌస్ చూపాడు. అనేకమైన చిన్న కారణాలు, ఒకదాని జోలికి ఒకటి పోకుండా వచ్చి కలిసినచోట ఈ గంట కనిపిస్తుంది.

ఈ గంటకు వెడల్పు కొలిచే కొలబద్ద ఒకటున్నది. నూలు విషయంలో అది చాలా తేలిక: సగటున నూరు పింజలుంటే, నూరుకు వర్గమూలం పది. కాబట్టి నూటికి తొంభైఐదు చోట్ల పింజలు 80కీ 120కీ మధ్య ఉంటాయి. 70కి తగ్గేచోట్లు ఏడువందల నలభైకి ఒకటి. పింజ పొడుగు మూడు సెంటీమీటర్ల లోపే గనుక, ఎంత మంచి యంత్రం మీద వడికినా సుమారు ఇరవై మీటర్లకు ఒక బలహీనపు చోటు తప్పదు. నూలు ఇంతకంటె సమంగా ఉండజాలదని 1945లో మార్టిండేల్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చాడు. ఇక సన్ననూలు సంగతి చెప్పనక్కరలేదు. పింజలు తగ్గినకొద్దీ ఎగుడుదిగుళ్లు పెరుగుతాయి.

స్వాతంత్ర్యానికి ముందే మాచాని సోమప్పగారు నేతగాళ్ల సహకార సంఘాన్ని నెలకొల్పిన ఊరు ఎమ్మిగనూరు. ఇటువంటి ఊళ్లో ఈ లెక్క ఊసుపోక చెప్పుకునేది కాదు. నాలుగు వేల పోగుల పడుగుతో ఒక చీర నేయాలంటే ఇరవైరెండు వేల మీటర్ల నూలు. అందులో అటువంటి చోట్లు వెయ్యికి పైమాటే! అన్నీ తెగవు. పడుగుకు గంజి పెట్టేది అందుకే. కాని పోగు తెగినప్పుడల్లా మగ్గం ఆగుతుంది, అతికేసరికి పొద్దుపోతుంది, కూలి తగ్గుతుంది. అందులో నేతగాని చేతివాటం ఎంత, పింజల యాదృచ్ఛికమైన కూర్పు ఎంత అని విడదీసి చెప్పగలిగేది ఈ గంట ఒక్కటే. 1924లో అమెరికాలో షూహార్ట్ అనే ఆయన ఫ్యాక్టరీలలో ఈ విడదీసే పనికే ఒక పటం గీసి ఇచ్చాడు. మహలనోబిస్ గారి ఆహ్వానం మీద ఆయన 1947–48లో మన దేశానికి కూడా వచ్చి వెళ్లాడు.

గుంటకు రెండు గింజలు

ఇక పొలానికి పోదాం. పత్తి విత్తనం నూటికి డెబ్బైఐదు మొలుస్తుందని సంచి మీద అచ్చువేశారనుకుందాం. గుంటకొక గింజ పెడితే నూటికి ఇరవైఐదు గుంటలు ఖాళీ. రెండేసి పెడితే? రెండూ మొలవకపోయే అవకాశం నాలుగింట ఒక వంతులో నాలుగింట ఒక వంతు, అనగా పదహారింట ఒకటి. నూటికి ఆరు గుంటలే ఖాళీ. విత్తనం ధర ఒక పక్కన, ఖాళీ గుంటల నష్టం ఒక పక్కన పెట్టుకుని రైతు మనసులో వేసుకునే లెక్క ఇదే. ఆయన దీనిని ద్విపదమని అనడు, అంతే.

విత్తనం నాసిరకమని అనుమానం వచ్చింది. నూరు గింజలు తడిగుడ్డలో మూటగట్టి చూస్తే 68 మొలిచాయి. మోసమేనా? తొందరపడకూడదు. మంచి విత్తనమైనా నూటికి ఆరేడు సార్లు 68గాని అంతకు తక్కువగాని మొలవడం కద్దు. అదే నాలుగు వందల గింజలు వేసి చూస్తే 272 మొలిచాయనుకోండి. ఇదీ నూటికి 68 లెక్కే. కాని ఇప్పుడు తీర్పు మారిపోతుంది! మంచి విత్తనానికి ఇంత లోటు వెయ్యిసార్లకు ఒకసారి కూడా రాదు. విత్తన పరీక్షా కేంద్రాలలో నాలుగు వందల గింజలు మొలకెత్తించి చూడటం చాదస్తం కాదు సుమా. ఫిర్యాదు చేయబోయే రైతు నూరు గింజలతో ఊరుకోకుండా నాలుగు వందలు వేసుకుని పోవడం మంచిది.

ఇన్ని పరిశీలనలనుంచి ఎంత నిజం రాబట్టవచ్చు, అంతకుమించి ఎందుకు రాబట్టలేము అనే హద్దును 1945లో, ఇరవైఐదేళ్ల వయసులో, గీచి చూపినవారు మన తెలుగువారే: కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. లోకమంతా సి. ఆర్. రావు అంటుంది. ఆయన 1920లో పుట్టినది నాటి బళ్లారి జిల్లా హడగలిలో. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా కూడా ఆ బళ్లారి జిల్లాలోనిదే. కాబట్టి ఆదోనివారు ఆయనను మా జిల్లావాడని చెప్పుకుంటే ఎవరూ కాదనలేరు. నూట రెండేళ్లు జీవించి 2023 ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

గుంటకు రెండు గింజల లెక్కలో ఒక మెలిక దాగి ఉన్నది. ఒక గింజ మొలవకపోవడానికీ, పక్క గింజ మొలవకపోవడానికీ సంబంధం లేదనుకున్నాం. గింజలో పుచ్చు ఉంటే అది నిజమే. కాని విత్తిన తరువాత వాన ముఖం చాటేస్తే? రెండూ కలిసే చస్తాయి. గుంటకు పది పెట్టినా పదీ చస్తాయి. పదహారింట ఒకటి అన్న లెక్క గాలికి పోతుంది. అసలు కథ ఇక్కడ మొదలవుతున్నది.

మట్కావాడి భయం

ఈ మెలిక అందరికంటె బాగా తెలిసినవాడు జూదం నడిపేవాడు. రాయలసీమ పట్టణాలలో కూలివాని జేబుకు చిల్లుపెట్టే మట్కా పుట్టినది పత్తిలోనుంచే. న్యూయార్కు పత్తి బజారు ధరలు బొంబాయికి తంతి మీద వచ్చేవి. ఆ అంకెల మీద పందేలు కాసేవారు. 1961లో ఆ ధరలు రావడం ఆగిపోతే కుండలోనుంచి చీటీలు తీయడం మొదలుపెట్టారు. సున్న సున్న మొదలు తొంభైతొమ్మిది దాకా నూరు అంకెలు. తగిలితే రూపాయికి ఎనభై ఇస్తారనుకుందాం. నూరు రోజులు రోజుకొక రూపాయి కాసినా, నూటికి ముప్పైఆరు మందికి ఒక్కసారి కూడా తగలదు. నిన్నా మొన్నా రాలేదు గనుక నేడు ఆ అంకె రావాలని కొందరు వాదిస్తారు. చీటీకి జ్ఞాపకశక్తి ఎక్కడిది?

ఇన్ని వేలమంది వేరువేరు అంకెల మీద కాసినంతకాలం నడిపేవాడు హాయిగా నిద్రపోతాడు. ఎవరి కలలోనో వచ్చిన అంకె అని ఊరంతా ఒక్కదాని మీదే కాస్తే మాత్రం వాడికి నిద్ర పట్టదు. ఆ ఒక్కటీ తగిలితే దివాలా. అందుకని ఆ పందేలు మరో ఊరి పెద్దకు కొంత మళ్లిస్తాడు.

బీమా కంపెనీ పెద్దమనుషులది. పోలిక వారికి రుచించకపోవచ్చును గాని, వారి భయం కూడా ఇదే. తోకచుక్కకు తన పేరిచ్చిన ఎడ్మండ్ హేలీ 1693లోనే ఒక నగరపు జననమరణాల చిట్టాలు తిరగవేసి, ఏ వయసువాళ్లు ఏడాదికి ఎంతమంది పోతారో పట్టిక వేశాడు. పదివేలమందిలో ఏటా నూటికొకరు పోతారనుకుంటే, నూరుమందికి అటూ ఇటూ. 130 దాటడం వందల ఏళ్లకొకమాట. ఆదోనిలో ఒకరు పోతే ఎమ్మిగనూరులో మరొకరు పోవాలని లేదు గదా! కరోనా వచ్చిన 2020, 2021లలో ఈ నమ్మకం సడలింది. ఒకరి చావు మరొకరి చావుకు ముడిపడితే ఏమవుతుందో అప్పుడు కంపెనీలకు తెలిసివచ్చింది.

వాన విషయంలో ఆ ముడి ఎప్పుడూ ఉంటుంది. పదివేలమంది రైతులలో ఏటా వెయ్యిమందికి పంట పోతుందని సగటు కట్టినా, ఏ ఏడూ సరిగా వెయ్యిమందికి పోదు. ఒక ఏడు రెండు వందలమందికి, మరొక ఏడు తొమ్మిది వేలమందికి. నా చేను ఎండితే పక్క చేనూ ఎండుతుంది. పైగా వాన రోజులూ జతగట్టి వస్తాయి. నేడు కురిస్తే రేపు కురిసే అవకాశం పెరుగుతుంది, నేడు ఎండ కాస్తే రేపూ ఎండే కాయవచ్చు. నేటి రోజుకు నిన్నటి రోజు ముడి వేసి లెక్కకట్టే పద్ధతిని 1962లో గేబ్రియల్, నాయ్‌మన్ అనే ఇద్దరు టెల్ అవీవ్ వానల మీద ప్రయోగించి చూశారు. బొమ్మా బొరుసూ లెక్కకంటె అది నిజానికి బాగా దగ్గరగా వచ్చింది.

సగటు ఎంత మోసగత్తె అన్నది 2009లో కర్నూలు జిల్లావారు కళ్లారా చూశారు. ఆ ఏడు దేశమంతటా నైరుతి ఋతుపవనం నూటికి ఇరవైరెండు పాళ్లు తక్కువ. అక్టోబరు మొదట్లో కుండపోతగా కురిసి, తుంగభద్ర పొంగి, మంత్రాలయం నీట మునిగింది, కర్నూలు మునిగింది. ఎండినదానికీ మునిగినదానికీ సగటు తీస్తే ఆ ఏడు ఫరవాలేదని తేలవచ్చు! వాతావరణ శాఖవారు సగటుకు నూటికి పందొమ్మిది పాళ్లు అటూ ఇటూ ఉన్నదానిని ‘నార్మల్’ అంటారు. ఆ మాటకూ గంట ఆకారపు ‘నార్మల్’కూ చుట్టరికం పేరులోనే.

అయినా ప్రయత్నాలు ఆగలేదు. నదికి అవతలి మహబూబ్‌నగర్ జిల్లాలో 2003లో, పంట నష్టం జోలికి పోకుండా వాన కొలత తగ్గితే చాలు డబ్బిచ్చే బీమాను వేరుశనగ, ఆముదం రైతులకు మొదటిసారి అమ్మి చూశారు. 2016లో ప్రధానమంత్రి పంటల బీమా వచ్చింది. ఏ పథకమైనా కంపెనీ తన బరువులో కొంత మరొక పెద్ద కంపెనీకి, అది మళ్లీ సముద్రాల అవతలి కంపెనీలకు పంచిపెడుతుంది. ఆదోనిలో వాన ఎగ్గొట్టినంత మాత్రాన స్విట్జర్లాండులో కూడా ఎగ్గొట్టదు గదా!