డిసెంబరం రంగు రాయి

చలికాలం పొద్దున మంచులో తడిసిన డిసెంబరం పూల రంగు గుర్తుందా? నీలానికీ గులాబీకీ నడుమ ఎక్కడో ఆగిపోయిన లేత ఊదా. ఆ రంగు రాయిలో ఇంకి, లోపల సన్నని దీపం వెలిగించినట్టు కనిపిస్తే అదే లావెండర్ జేడ్. జేడ్ అనగానే మనకు ఆకుపచ్చే మెదులుతుంది. రత్నాలు సేకరించేవాళ్లు మాత్రం ఈ ఊదా రాయి కోసం ఏళ్లతరబడి ఎదురుచూస్తారు.

దీని పుట్టిల్లు పాతాళం. సముద్రం అడుగున ఒక భూఫలకం మరొక దాని కిందికి జారిపోయే చోట, 20 కిలోమీటర్లు దాటిన లోతున ఇది రూపు కడుతుంది. అక్కడ ఒత్తిడి భయంకరం. వేడి మాత్రం అంత లోతుకు ఉండాల్సినంత ఉండదు. కిందికి దిగే ఫలకం సముద్రపు చలవను వెంట తీసుకుపోతుంది మరి. ఆ చలవలో, ఆ బరువు కింద, రాళ్ల నుంచి ఊరిన ద్రవాలలోని సోడియం, అల్యూమినియం, సిలికా కూడి జేడైట్ అవుతుంది. ఏ మలినమూ లేని జేడైట్ తెల్లనిది. క్రోమియం రవ్వంత చేరితే పచ్చబడుతుంది. మాంగనీస్ జాడ తగిలితే ఊదా పూస్తుంది.

జేడ్ పేరుతో చెలామణీ అయ్యే రాళ్లు నిజానికి రెండు. జేడైట్ వేరు, నెఫ్రైట్ వేరని ఫ్రెంచి శాస్త్రవేత్త అలెక్సిస్ డమూర్ 1863లో తేల్చాడు. రెండింటిదీ ఒకటే గొప్పతనం. లోపలి స్ఫటికాలు నులకమంచం అల్లికలా ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. వజ్రం మీద గీత పడదు గానీ సుత్తి దెబ్బకు చీలిపోతుంది. జేడ్ మీద గీత పడుతుంది, పగలడానికి మాత్రం ఒప్పుకోదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీర్ బాకునూ నూర్జహాన్ పండ్ల కత్తినీ చూస్తే ఆ మొండితనాన్ని మనిషి ఎంత నేర్పుగా మలిచాడో తెలుస్తుంది.

మేలైన లావెండర్ జేడైట్ మయన్మార్‌లోని కచిన్ రాష్ట్రం, ఫకాంత్ ప్రాంతంలో దొరుకుతుంది. ఏటి ఒడ్డు రాళ్లకు పైన మట్టిరంగు బెరడు ఉంటుంది. లోపల ఏముందో పైకి తెలియదు. చిన్న గవాక్షంలా ఒకచోట కోసి, దీపం ఆనించి చూసి, మిగతాదంతా అదృష్టానికి వదిలి బేరమాడతారు. టర్కీలోని బుర్సా ప్రాంతంలోనూ ఊదా జేడ్ ఉంది. అందులో జేడైట్‌తో పాటు క్వార్ట్జ్ వంటి ఇతర ఖనిజాలూ కలిసి ఉంటాయి.

ఈ అందానికి మనుషులు కట్టిన వెల కూడా చెప్పాలి. 2020 జులై 2న ఫకాంత్‌లో వానలకు నానిన గని మట్టిగుట్ట కూలి, రాళ్లు ఏరుకుని బతికే పేదలు 170 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

జేడ్‌కూ వైద్యానికీ ముడి పాతదే. నడుము పక్క నొప్పిని తగ్గిస్తుందన్న నమ్మకంతో స్పెయిన్ వాళ్లు దీన్ని ‘పక్కటెముకల దిగువ రాయి’ అన్నారు. జేడ్ అన్న మాట అక్కడినుంచే వచ్చింది. ఇప్పుడు ఊదా జేడ్ మనసు కుదుటపరుస్తుందని అమ్ముతున్నారు. 2001లో లండన్‌కు చెందిన మనస్తత్వవేత్త క్రిస్టఫర్ ఫ్రెంచ్ స్ఫటికాలపై జరిపిన ప్రయోగ ఫలితాలు వెల్లడించారు. కొందరి చేతికి అసలు క్వార్ట్జ్, కొందరి చేతికి నకిలీ ఇస్తే, రెండు గుంపుల వాళ్లూ ఒకే రకమైన అనుభూతులు చెప్పారు. చల్లని రాయి అరచేతిలో ఉంటే హాయిగా ఉంటుంది, నిజమే. ఆ హాయి మందు కాదు. జబ్బుకు డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

కొనేవాళ్లకు ఒక మాట. ఆమ్లంలో నానబెట్టి ప్లాస్టిక్ జిగురు ఎక్కించిన జేడైట్, ఊదా రంగు అద్దిన జేడైట్, జేడ్ పేరు తగిలించిన రంగు క్వార్ట్జ్ బజారులో నిండుగా ఉన్నాయి. కంటితో గుర్తించడం కష్టం. రత్న పరీక్షాలయం ఇచ్చిన ధ్రువపత్రం చూడకుండా పెద్ద మొత్తం పెట్టకండి. కొనలేకపోయినా చింత లేదు. ఒకసారి సాలార్‌జంగ్‌లోని జేడ్ గదికి వెళ్లండి, పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. పగలడానికి ఒప్పుకోని ఆ మొండి రాయి హైదరాబాద్‌లోనే ఉంది.